పడుగులో తప్పిన పోగు: ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల్లో భాషాదోషాలు, వాటిని చూసే కళ్లు

ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలో కనిపించే భాషాతప్పులు రెండు జాతులవి. మొదటిది తొట్రుపాటు. రాసినవారికి ఒప్పేదో తెలుసు. చెయ్యి జారింది, లేదా అక్షరాలు కూర్చినవారి వేలు జారింది. ‘ఫ్రమ్’ ఉండాల్సిన చోట ‘ఫార్మ్’ పడుతుంది, ‘క్వయట్’ ఉండాల్సిన చోట ‘క్వైట్’ పడుతుంది. అన్నీ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి కంప్యూటర్‌లోని స్పెల్ చెకర్ కిమ్మనదు. తెలుగు ముద్రణాలయాల్లో దీనికి ముద్రారాక్షసం అని ఎప్పటినుంచో పేరు. రెండోది దోషం. రాసినవారి దృష్టిలో అదే ఒప్పు. పదిసార్లు తిరగేసి చదివినా వారికి అందులో తేడా కనపడదు. బ్రిటిష్ భాషావేత్త పిట్ కార్డర్ 1967లో విద్యార్థుల తప్పులను గురించి రాస్తూ ఈ రెండింటినీ విడదీసి చూపాడు. ఒకటి ఆ పూట అలసటకో తొందరకో చెందినది. రెండోది నేర్చుకునేవారి లోపల స్థిరపడిన వ్యాకరణానికి చెందినది. విద్యార్థుల కోసం చేసిన ఆ విభజన పాఠ్యపుస్తకం రాసేవారికీ, ఆ రాతను సరిచూసే పరిశీలకులకూ అంతే వర్తిస్తుంది.

తొట్రుపాటును ఓపికగల చదువరి ఎవరైనా పట్టుకుంటారు. దోషం సంగతి వేరు. రచయితదీ పరిశీలకుడిదీ ఒకే మాతృభాష అయి, ఇద్దరూ ఇంగ్లీషును ఒకే తరహా బడిలో, ఒకే తరహా పుస్తకాల నుంచి నేర్చుకుని ఉంటే, ఒకరి దోషం మరొకరి చెవికి మామూలు వాక్యంలాగే వినిపిస్తుంది. పరిశీలన జరుగుతుంది, సంతకం పడుతుంది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఎవరూ నిర్లక్ష్యం చేయకపోయినా ఇలా జరుగుతుంది. అందుకే ఈ విషయాన్ని నిందగా కాక, పనిలో ఉన్న చిక్కుగా పరిశీలించాలి.

కర్నూలు జిల్లాలోని ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం నెలకొల్పిన ఊరు. అక్కడివారికి ఈ సంగతి నేతపని మాటల్లో చెబితే తొందరగా అందుతుంది. పేకలో ఒక పోగు తప్పితే ఆ తప్పు బట్టకు అడ్డంగా ఆ ఒక్క గీతతో ఆగుతుంది. పడుగులో పోగు తప్పుగా ఎక్కితే బట్ట పొడవునా, చివరి మూర దాకా ఆ గీత సాగుతుంది. తరగతిలో టీచరు నోరు జారి అన్న తప్పు పేకలోది. ఆ పూటతో, ఆ గదిలోని పిల్లలతో పోతుంది. పాఠ్యపుస్తకంలో అచ్చయిన తప్పు పడుగులోది. పుస్తకం మారేదాకా ఏటా కొత్తగా వచ్చే పిల్లలందరి గుండా అది నడుస్తుంది.

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతంలో ఆ గీత మరింత ముదురుగా పడటానికి కారణాలున్నాయి. 1800లో నిజాం కంపెనీ ప్రభుత్వానికి వదులుకున్న దత్తమండలాల్లో ఆదోని ఒకటి. ఆ తరువాత ఒకటిన్నర శతాబ్దం అది బళ్లారి జిల్లా తాలూకాగానే ఉంది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో, రాయదుర్గం అనంతపురం జిల్లాలో కలిశాయి. పాలన సరిహద్దు ఒక్క రోజులో మారింది. ఇళ్లలో మాట మారలేదు. సరిహద్దు పల్లెల్లో కన్నడం, ఆదోని పట్టణంలో ఉర్దూ, అంతటా తెలుగు ఈనాటికీ వినిపిస్తాయి. కన్నడ మాధ్యమం, ఉర్దూ మాధ్యమం ప్రభుత్వ బడులు ఇక్కడ ఉన్నాయి. పత్తి మార్కెట్ యార్డులో ఒక పూట నిలబడితే ఒకే బేరం మూడు భాషల్లో సాగడం వినవచ్చు. ఆ మూడింటిలో ఇంగ్లీషు ఉండదు.

2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత దాదాపు 60 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67 శాతం. జిల్లాలోనూ పడమటి మండలాలు వెనకబడినవి. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు నుంచి పంటలు చేతికి రాని ఏడాది కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు వైపు మిర్చి కోతలకు, పత్తి ఏరడానికి వలస వెళతాయి. పిల్లలూ వెంట వెళతారు, లేదా సీజనల్ హాస్టళ్లలో ఉండిపోతారు. ఇలాంటి ఇంట్లో ఇంగ్లీషు అచ్చు కనిపించే వస్తువు ప్రభుత్వం ఇచ్చిన పాఠ్యపుస్తకం ఒక్కటే. హైదరాబాదులోనో బెంగళూరులోనో చదివే పిల్లకు పుస్తకంలో ఒక తప్పు వాక్యం ఎదురైతే, అదే వాక్యం ఒప్పుగా మరో పది చోట్ల ఎదురై ఆ తప్పును మెల్లగా చెరిపేస్తుంది. కోసిగి పిల్లకు ఆ పది చోట్లు లేవు. ఆమెకు పుస్తకంలో ఉన్నదే ఇంగ్లీషు.

బడి పుస్తకంలో తప్పులనే మాట ఈ నేలకు కొత్తది కూడా కాదు. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1822లో ప్రెసిడెన్సీలోని చదువుల స్థితిపై వివరాలు అడిగాడు. బళ్లారి కలెక్టర్ ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న జవాబు పంపాడు. ఆదోని కూడా చేరిన ఆనాటి బళ్లారి జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని ఆ నివేదిక లెక్క. కన్నడం బడులు 235, తెలుగువి 226, మరాఠీవి 23, సంస్కృతానివి 23, పారసీవి 21, తమిళానివి 4. ఇంగ్లీషు బడి ఒక్కటంటే ఒక్కటి. అంకెలకన్నా ఆ నివేదికలో విలువైనది పుస్తకాల గురించిన భాగం. బడుల్లో చదివించే కావ్యాలు, పురాణాలు జనం మాట్లాడే భాషకు దూరమైన పద్యభాషలో ఉన్నాయనీ, వాటిని వివరించగల అయ్యవార్లే తక్కువనీ, అర్థం చేసుకునే పిల్లలు ఇంకా తక్కువనీ క్యాంబెల్ రాశాడు. తాటాకు ప్రతులు రాసే లేఖకుల అజ్ఞానం, అశ్రద్ధ, సోమరితనం వల్ల ఆ పుస్తకాలు తప్పులతో నిండి ఉన్నాయని కూడా రాశాడు. తొట్రుపాటును పట్టలేకపోవడం, చదివే భాష చదివించేవారికే పూర్తిగా పట్టుబడకపోవడం అనే రెండు జబ్బులూ ఈ ప్రాంతంలో రెండు వందల ఏళ్ల కిందటే సర్కారు కాగితానికి ఎక్కాయన్నమాట.

అదే క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణం ఒకటి ఇంగ్లీషులో అచ్చువేశాడు. ద్రావిడ భాషలు సంస్కృతం నుంచి పుట్టినవి కావని నిరూపించిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ వ్యాసం ఆ పుస్తకానికి ముందు చేర్చిందే. పరాయివాడు పరాయివాళ్ల కోసం రాసిన తెలుగు పాఠ్యపుస్తకం అది. కానీ ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో ఆ పనికి పక్కనే తెలుగు పండితులు ఉన్నారు. మామిడి వెంకయ్య నిఘంటువు చేతికి అందుబాటులో ఉంది. తరువాతి తరంలో సి.పి. బ్రౌన్ తన ఖర్చుతో పండితులను పెట్టుకుని, వారు సరిచూడనిదే పని ముందుకు సాగనివ్వలేదు. తెలుగు నేర్పే పుస్తకం రాసిన దొరకు తెలుగు చెవి పక్కనే ఉండేది. ఇంగ్లీషు నేర్పే పుస్తకం రాస్తున్న తెలుగు టీచరుకు అలాంటి తోడు అరుదుగా దొరుకుతుంది. ఈ ఒక్క తేడాలోనే ప్రస్తుత విషయమంతా ఇమిడి ఉంది.

ప్రభుత్వ పాఠ్యపుస్తకం ఎలా తయారవుతుందో చూస్తే తప్పు ఎక్కడెక్కడ చొరబడుతుందో తెలుస్తుంది. రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ టీచర్లను, అధ్యాపకులను వర్క్‌షాపులకు పిలుస్తుంది. వారే పాఠాలు ఎంచుతారు, అభ్యాసాలు రాస్తారు. సంపాదకులు, సలహాదారులు చూస్తారు. డీటీపీ అవుతుంది, బొమ్మలు చేరతాయి, అచ్చుకు వెళుతుంది. జూన్‌లో బడి తెరిచేసరికి పుస్తకం పిల్లల చేతిలో ఉండాలి కాబట్టి ఆలస్యమంతా చివరి మెట్టు మీద, అంటే ప్రూఫులు దిద్దే మెట్టు మీద పడుతుంది. పుస్తకం మొదటి పేజీల్లో రచయితల పేర్లు, సంపాదకుల పేర్లు, డీటీపీ చేసినవారి పేర్లు ఉంటాయి. ప్రూఫులు దిద్దినవారి పేరు కోసం వెతికితే చాలా పుస్తకాల్లో కనిపించదు. ఆ పనికి పేరు లేకపోవడం చిన్న సంగతి కాదు. పేరు లేని పనికి సమయమూ ఉండదు, జవాబుదారీ ఉండదు.

అందరూ పాఠాన్నే జాగ్రత్తగా చదువుతారు. కథ, పద్యం, జీవితచరిత్ర చాలావరకు వేరే చోట అచ్చయి వచ్చినవి కాబట్టి వాటిలో దోషాలు తక్కువ. దోషాలు చేరేది పాఠం కింద రాసిన ప్రశ్నల్లో, అభ్యాసాల ముందు ఇచ్చిన సూచనల్లో, టీచరు కోసం రాసిన గమనికల్లో, పాఠాన్ని కుదించి తిరగరాసిన భాగాల్లో. ఇవి వర్క్‌షాపులో అప్పటికప్పుడు పుట్టిన ఇంగ్లీషు. పరిశీలకులు చప్పున దాటేసేవీ ఇవే. పిల్లలకు మాత్రం ఇవే ముఖ్యం, ఎందుకంటే పరీక్షలో వచ్చేది కథ కాదు, ప్రశ్న. ఖాళీలు పూరించమని ఇచ్చిన వాక్యానికి రెండు జవాబులూ సరిపోతే, టీచరు దగ్గరున్న జవాబుల పట్టిక ఒకదాన్నే ఒప్పుకుంటే, సరిగ్గా రాసిన పిల్ల మార్కు పోగొట్టుకుంటుంది. ఆ పిల్ల అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటుంది: తన చెవిని తాను నమ్మడం అక్కడితో మానేస్తుంది.

ఈ మధ్య ఏళ్లలో పుస్తకం మీద బరువు పెరుగుతూ వచ్చింది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని అనుసరించి ఆంధ్రప్రదేశ్ 2011లో తన చట్రాన్ని రూపొందించుకుంది. దానివెంట పాఠ్యపుస్తకాలు కొత్తగా రాయించింది. ఉన్నత పాఠశాలల్లో సమాంతరంగా ఇంగ్లీషు మాధ్యమం 2008 నుంచే మొదలైంది. 2019 నవంబర్ 5న జీవో 81 ద్వారా ప్రభుత్వ బడులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారాలని ఉత్తర్వు వచ్చింది. హైకోర్టు 2020 ఏప్రిల్ 15న దాన్ని కొట్టివేసింది. వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ కాలంలోనే ఎదురెదురు పేజీల్లో ఇంగ్లీషు, తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. మాధ్యమం ఏది ఉండాలన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది ఒకటే: అంతవరకూ ఇంగ్లీషు వాచకం ఒక్కటే మోసిన భాషాభారాన్ని ఇప్పుడు లెక్కలు, సామాన్యశాస్త్రం, సాంఘికశాస్త్రం కూడా మోస్తున్నాయి. ఆ పుస్తకాల పరిశీలకులు ఆయా శాస్త్రాల నిపుణులు. వారు విషయం సరిగ్గా ఉందా అని చూస్తారు. వాక్యం సరిగ్గా ఉందా అని చూడటం తమ పని అనుకోరు.

ద్విభాషా పుస్తకానికి ఒక మేలు కూడా ఉంది. తెలుగు పేజీ తేటగా ఉండి ఇంగ్లీషు పేజీ తికమకగా ఉంటే తప్పు ఎక్కడుందో ఏ టీచరయినా వేలు పెట్టి చూపగలరు. కన్నడం మాట్లాడే ఇంటి నుంచి తెలుగు మాధ్యమం బడికి వచ్చిన పిల్లకు మాత్రం ఈ మేలు సగమే. ఆమెకు ఎదురు పేజీ కూడా బడిలో నేర్చిన భాషే. డీటీపీలో కొత్త రకం ముద్రారాక్షసం కూడా ఈ పుస్తకాలతోనే వస్తుంది. పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో పేజీ కూర్చేటప్పుడు ఒక ఇంగ్లీషు మాటకు పొరపాటున తెలుగు ఫాంటు తగిలితే అది అర్థంలేని తెలుగు గుణింతాల గుంపుగా మారిపోతుంది. అదృష్టవశాత్తు అది పిల్లలకు కూడా తప్పని తెలిసే తప్పు.

తెలియని తప్పుల దగ్గరకు వస్తే, వాటిలో పెద్దది ‘ది’ అనే చిన్న మాట. తెలుగులో ‘ఒక’ ఉంది, కన్నడంలో ‘ఒందు’, ఉర్దూలో ‘ఏక్’ ఉన్నాయి. ‘ది’కి నేరుగా సాటివచ్చే మాట మూడింటిలోనూ లేదు. ఆ భేదం తెలుగుకు తెలియదని దీని అర్థం కాదు. ‘ఊళ్లోకి పులి వచ్చింది’ అంటే ఏదో ఒక పులి. ‘పులి ఊళ్లోకి వచ్చింది’ అంటే ఇంతకుముందే మాటల్లోకి వచ్చిన పులి. తెలుగు ఆ పనిని పదాల వరుసతో చేస్తుంది, ఇంగ్లీషు చిన్న మాటతో చేస్తుంది. ఈ పోలికను పాఠ్యపుస్తకమే చెబితే ఆదోని పిల్లకు అరగంటలో సగం చిక్కు విడిపోతుంది. అలా చెప్పే పుస్తకం అరుదు. ‘ది’ పడిపోయిన వాక్యం, అక్కర్లేని చోట ‘ది’ దూరిన వాక్యం తెలుగు పరిశీలకుడి కంటికి ఆనవు. మనకు లేని వస్తువు పోయిందని మనం గుర్తించలేం.

రెండో ఉదాహరణ ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్’. ఇంగ్లీషులో తెలియడం, అర్థం కావడం, కలిగి ఉండటం వంటి క్రియలు మామూలుగా ‘ఇంగ్’ రూపంలోకి రావు. తెలుగులో ‘అర్థం కావడం లేదు’ అంటారు, అది జరుగుతున్న పనిని చెప్పే రూపమే. కన్నడంలో ‘అర్థ ఆగ్తా ఇల్ల’, ఉర్దూలో ‘సమఝ్ మే నహీ ఆ రహా’. అవీ అంతే. ఆదోనిలో ముగ్గురు టీచర్లు, మూడు మాతృభాషలవారు, ఒకే పేజీని పరిశీలించినా ముగ్గురికీ ఆ వాక్యం సహజంగానే ఉంటుంది. ఇక్కడ ఒక భ్రమ తొలగించుకోవాలి. ఇన్ని భాషలున్న ఊళ్లో ఒకరి కన్ను తప్పినా మరొకరి కన్ను పట్టుకుంటుందని అనిపిస్తుంది. భాషావేత్త ఎమెనో 1956లో భారతదేశమంతా ఒకే భాషాక్షేత్రమని చూపాడు. వేర్వేరు కుటుంబాల భాషలు వందల ఏళ్లు పక్కపక్కన బతికి, వాక్యం కట్టే తీరులో ఒకదానికొకటి దగ్గరయ్యాయి. ఆదోని ఆ క్షేత్రానికి నడిమధ్యలో ఉంది. మార్కెట్ యార్డులో బేరాన్ని తేలిక చేసిన ఆ దగ్గరతనమే ఇంగ్లీషు పుస్తకం దగ్గర ముగ్గురినీ ఒకే చోట పొరపడేట్టు చేస్తుంది.

‘హి హాజ్ కమ్ యెస్టర్‌డే’ కూడా ఈ కోవలోదే. మలుపులో బస్సు కనపడగానే ‘బస్సొచ్చింది’ అంటాం. నిన్నటి సంగతి చెబుతూ ‘నిన్న బస్సు ఆలస్యంగా వచ్చింది’ అంటాం. తెలుగుకు రెండు చోట్లా ‘వచ్చింది’ చాలు. ఇంగ్లీషుకు రెండు రూపాలు కావాలి, పైగా ‘నిన్న’ అనే మాటతో ఒక రూపానికి పొత్తు కుదరదు. ‘డిస్కస్ అబౌట్’ సంగతి ఇంకా సులువు: మనం దేన్ని ‘గురించి’ అయినా చర్చిస్తాం, కన్నడం ‘బగ్గె’ అంటుంది, ఉర్దూ ‘బారే మే’ అంటుంది, ‘అబౌట్’ తనంతట తానే వచ్చి చేరుతుంది. ‘హి ఆస్క్డ్ మి వేర్ ఈజ్ ద బస్ స్టాండ్’ అన్న వాక్యంలో తలకిందులైన వరుసను మళ్లీ సరిచేయాలన్న నియమం, ప్రశ్నకు వరుసే మార్చని భాషల్లో పెరిగినవారికి ఎంత చదివినా సగంలో జారిపోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. దోషమని ముద్ర వేసిన ప్రతిదీ దోషం కాదు. జి.సి. విట్‌వర్త్ 1907లో భారతీయులు ఇంగ్లీషు రాయడంలో చేసే నుడికారపు తప్పులను ఒక పుస్తకంగా కూర్చాడు. అలాంటి జాబితాలు ఆ తరువాతా చాలా వచ్చాయి. వాటిలో తప్పుగా చూపినవి కొన్ని ఈనాడు దేశమంతటా చదువుకున్నవారు తెలిసి, కావాలని వాడే మాటలయ్యాయి. ‘ప్రిపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. ‘కజిన్ బ్రదర్’ అనే మాటనే తీసుకుంటే, తెలుగు ఇంట్లో పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ. ఒకరితో రాఖీ బంధం, మరొకరితో పెళ్లి బంధం కుదరవచ్చు. ఉర్దూ ఇళ్లలోనూ చాచా వేరు, మాము వేరు. ‘కజిన్’ అనే ఒక్క మాట ఈ కుటుంబాలను చెప్పలేదు. కుటుంబం గురించిన పాఠంలో ఆ మాటను కొట్టేయడం భాషను సరిచేయడం అవ్వదు, పిల్ల ఇంటిని పుస్తకంలోంచి తీసేయడం అవుతుంది.

ఈ వాదం అంతర్జాతీయంగా కూడా నడిచింది. ఇంగ్లీషు పరభాషగా ఉన్న దేశాల్లో స్థానిక ప్రమాణాలను ఒప్పుకోవడం నేర్చుకునేవారికే నష్టమని బ్రిటిష్ వ్యాకర్త రాండల్ఫ్ క్వర్క్ 1990లో రాస్తే, శ్రీనగర్‌లో పుట్టిన బ్రజ్ కచ్రూ మరుసటి ఏడాది గట్టిగా జవాబిచ్చాడు. హెన్రీ విడోసన్ 1994లో ఇంగ్లీషు ఎవరి సొత్తు అనే ప్రశ్నే వేశాడు. పాఠ్యపుస్తకం విషయంలో కచ్రూ వైపు న్యాయం ఎక్కువ ఉంది, కానీ ఒక హద్దు వరకే. ఆ హద్దును గుర్తించడానికి ఒక పరీక్ష ఉంది: ఆ ప్రయోగం కలకత్తాలోనూ కొచ్చిన్‌లోనూ మంచి రచయితలు తమ పేరుతో అచ్చులో వాడతారా? వాడితే అది భారతీయ ఇంగ్లీషు, పుస్తకంలో ఉండవచ్చు. ‘హి హాజ్ కమ్ యెస్టర్‌డే’ ఆ పరీక్షలో నెగ్గదు. మంచి సంపాదకుడున్న ఏ భారతీయ పత్రికలోనూ అది అచ్చవ్వదు. ఆ వాక్యాన్ని మన ఇంగ్లీషు అని సమర్థించడం ఉద్యోగపు పరీక్ష రాయబోయే ఇదే ప్రాంతపు కౌతాళం కుర్రవాడికి చేసే అపకారం. అంచనాకు బదులు ఆధారం కావాలనుకునే పరిశీలకుడికి సామగ్రి కూడా ఉంది. 1978లో అచ్చయిన భారతీయ రచనల నుంచి ఎస్.వి. శాస్త్రి పర్యవేక్షణలో కొల్హాపూర్ శివాజీ విశ్వవిద్యాలయం పది లక్షల పదాల కోశం కూర్చింది. అనుమానం వచ్చిన ప్రయోగాన్ని అందులో వెతికి చూడవచ్చు.

అయితే ఇంగ్లండు నుంచి ఒకరిని పిలిపించి పుస్తకం చదివిస్తే సరిపోతుందా? సగమే సరిపోతుంది. మాతృభాషీయుడి చెవికి ‘ది’ పడిపోయిన చోటు వెంటనే తగులుతుంది. ఆ మేలు కాదనలేనిది. కానీ ‘హోటల్’ అంటే ఇక్కడ ఇడ్లీ దొరికే చోటని, ‘టిఫిన్’ అంటే ఏమిటో అతనికి తెలియదు. ఆ మాటలు కొట్టేస్తాడు. తెలుగు పిల్ల ఏ వాక్యం దగ్గర కాలు జారుతుందో అతని ఊహకు అందదు, ఎందుకంటే తాను ఎన్నడూ అక్కడ జారలేదు. ఆ జారుడు తెలిసినవారు ఆదోని టీచర్లు. తామూ ఒకప్పుడు అక్కడే జారి లేచినవారు. పరాయిభాషను నేర్చి నేర్పే టీచరుకు ఉండే ఈ బలాన్ని హంగేరీకి చెందిన పీటర్ మెజెష్ 1994లో ఒక పుస్తకంగానే రాశాడు. పైగా మాతృభాష అయినంత మాత్రాన తప్పు కంటబడదు. 2024 జూన్‌లో తెలంగాణలో పంచిన తెలుగు వాచకాల ముందుమాటలో, ప్రభుత్వం మారి ఆరు నెలలైనా, మాజీ ముఖ్యమంత్రి పేరే ఉండిపోయింది. పుస్తకాలు వెనక్కి తీసుకుని ఆ పేజీ సరిచేయాల్సి వచ్చింది. తెలుగువారు, తెలుగువారి కోసం, తెలుగులో వేసిన పుస్తకం అది. పాత ఫైలును మళ్లీ అచ్చుకు పంపేటప్పుడు ఎవరూ చదవలేదు.

తెలుగు దేశం ఇదే చిక్కును ఇంగ్లీషు లేకుండా కూడా ఒకసారి అనుభవించింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడి పుస్తకాలు గ్రాంథికంలోనే ఉండాలని పండితులు పట్టుబట్టినప్పుడు గిడుగు రామమూర్తి ఆ పుస్తకాలనే చేతిలోకి తీసుకున్నాడు. 1930ల్లో అచ్చయిన ‘గద్య చింతామణి’, ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ వంటి రచనల్లో, గ్రాంథికాన్ని సమర్థించే పండితులే ఆ వ్యాకరణం ప్రకారం ఎక్కడెక్కడ తప్పులు రాశారో వరుసపెట్టి చూపాడు. పండితులు అసమర్థులని చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. ఎవరి నోటా బతికిలేని భాషలో రాస్తే ఎంతటివారికైనా తప్పుతుందని ఆయన వాదం. గ్రాంథికానికి మాతృభాషీయుడు లేడు. ఆ పుస్తకాలను పరిశీలించినవారూ దాన్ని చదివి నేర్చినవారే, మాట్లాడి పెరిగినవారు కారు. గిడుగు వాడిన మందు వాడుక భాషలోకి రావడం. ఇంగ్లీషు పుస్తకం విషయంలో ఆ మందు మనకు అందుబాటులో లేదు. కానీ ఆయన పద్ధతి ఉంది: అభిప్రాయాలతో వాదించకుండా తప్పును పేజీతో, పంక్తితో సహా చూపడం.

ఆ పద్ధతి నుంచి చేయదగ్గ పనులు వస్తాయి. అభ్యాసాలు రాసినవారు కాక వేరొకరు, జవాబుల పట్టిక చూడకుండా వాటిని చేయాలి. రెండు జవాబులు కుదిరిన ప్రతి చోటా ప్రశ్న మార్చాలి. పేజీని ఒకరు పైకి చదువుతుంటే మరొకరు వినాలి; కన్ను దాటేసిన తప్పును చెవి తరచుగా ఆపుతుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ కాక వేరే కుదురు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన ఒక చదువరి కనీసం సూచనలను, ప్రశ్నలను చూడాలి. దక్షిణాది టీచర్ల కోసం బెంగళూరులో 1963 నుంచి ప్రాంతీయ ఇంగ్లీషు సంస్థ ఉంది. 1958లో హైదరాబాదులో కేంద్రీయ ఇంగ్లీషు సంస్థగా మొదలైనది 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయం. అటువంటివారిని వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు.

అన్నిటికన్నా తేలికైనదీ, అన్నిటికన్నా ఎక్కువగా వదిలేసినదీ తప్పొప్పుల పట్టిక. పాత తెలుగు పుస్తకాల చివర పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు వరుసల్లో ఆ పట్టిక ఉండేది. దాన్ని వేయడం అప్పటి ప్రచురణకర్తలకు సిగ్గుగా అనిపించలేదు. చదివేవారిపట్ల మర్యాదగానే తోచింది. పాఠ్యపుస్తకాల్లో అది మాయమైంది. తప్పు తెలిసిన టీచరు తన తరగతిలో దిద్దుకుంటారు, పక్క బడికి ఆ సంగతి తెలియదు. పిల్లలు పరీక్షలో పుస్తకంలో ఉన్నట్టే రాస్తారు, దిద్దేవారు పుస్తకంలో ఉన్నట్టే మార్కులు వేస్తారు. కొన్నిచోట్ల టీచరు దిద్దిన ఒప్పు రాసిన పిల్లకే అనుమానపు గీత పడుతుంది.

టీచర్లు కలుసుకునే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఆదోని డివిజన్‌లో అంతటా ఉన్నాయి. ఆ సమావేశాల్లో ఒక పుస్తకాన్ని ఒక ఏడాది పాటు పంచుకుని చదివి, పుట, పంక్తి వేసి, తప్పు, ఒప్పు, ఎందుకు తప్పో ఒక మాట రాసి పెట్టుకోవడానికి జీవో అవసరం లేదు. అనుమానం ఉన్నదాన్ని అనుమానంగానే వేరే రాయాలి. కన్నడ మాధ్యమం బడి టీచరు, ఉర్దూ మాధ్యమం బడి టీచరు కూడా ఆ పట్టికలో పాలుపంచుకోవాలి, ఎందుకంటే తమ పిల్లలు ఎక్కడ ఆగిపోయారో వారికే తెలుసు. ఆ పట్టిక వేసవికి ముందు, అచ్చుకు ఫైలు వెళ్లేలోపు, రాష్ట్ర సంస్థకు చేరాలి. కొత్త ముద్రణలో దిద్దినవాటిని పుస్తకం చివర ఆ నాలుగు వరుసల్లోనే అచ్చువేస్తే, నిరుటి పుస్తకాన్ని అన్న నుంచి తీసుకుని చదివే తమ్ముడు కూడా పెన్సిలుతో దిద్దుకోగలడు.